ఆరని ఏబీఎస్ దీపం: ఒక పాత హ్యాచ్‌బ్యాక్ బ్రేకుల మరమ్మతు డైరీ

బండి పదేళ్ల నాటి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు, నాలుగు చక్రాలకూ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు లాక్ అయి, అంటే తిరగడం ఆగి, జారిపోకుండా కాపాడే ఏర్పాటు), దానితోపాటు ఈబీడీ (ముందు, వెనుక చక్రాల మధ్య బ్రేకు ఒత్తిడిని పంచే ఏర్పాటు) ఉన్నాయి. మన దేశంలో కొత్తగా అమ్మే కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి కనుక, అంతకుముందు తయారైన చిన్న కార్లలో చాలావరకు పై వేరియంట్లకు మాత్రమే ఈ ఏర్పాటు ఉండేది. మా బండి అటువంటి వేరియంటే. విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలేచోట ఆరుబయట ఉంటుంది. ముందు ఎడమ చక్రపు బేరింగు ఒక గ్యారేజీలో మార్పించిన తరువాత డ్యాష్‌బోర్డుపై పసుపు ఏబీఎస్ దీపం వెలిగింది, మళ్లీ ఆరలేదు. దాన్ని ఆర్పడంతో మొదలైన పని చివరికి బ్రేకుల మొత్తానికీ విస్తరించింది. అదే లక్షణం కనిపించినవారు అనవసరమైన భాగాలు కొనకుండా ఉండేందుకు, కొలతలు ఎక్కడ తీసుకోవాలో తెలిసేందుకు ఈ వివరాలు రాస్తున్నాను.

ఒక షరతు ముందే చెప్పాలి. చక్రం విప్పిన ప్రతిసారీ బండి జాకీ మీద కాక స్టాండ్ల మీద నిలవాలి; మిగిలిన చక్రాలకు అడ్డుదిమ్మలు ఉండాలి. మట్టి నేల మీద స్టాండు కింద మందపాటి చెక్క పలక వేయకపోతే స్టాండు కాళ్లు భూమిలోకి దిగిపోతాయి.

దశ 1: దీపాలు, స్కానరు

తాళం ఆన్ చేయగానే పసుపు దీపం వెలిగి, కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా అనుమానించవలసిందే. సెకండ్ హ్యాండ్ కార్లలో లోపం కనబడకుండా ఆ దీపాన్ని పని చేయకుండా చేసి అమ్మేవాళ్లు ఉన్నారు. పసుపు దీపం ఒక్కటే నిలిచి ఉంటే మామూలు బ్రేకులు పని చేస్తాయి, చక్రాలు లాక్ కాకుండా కాపాడే ఏర్పాటు మాత్రం ఆగిపోయిందని అర్థం. దానితోపాటు ఎర్ర బ్రేకు దీపం కూడా వెలిగితే పరిస్థితి వేరు: వెనుక చక్రాలకు వెళ్లే ఒత్తిడిని తగ్గించి ఉంచే ఈబీడీ కూడా పోయి ఉండవచ్చు, లేదా రిజర్వాయరులో ఆయిల్ మట్టం పడిపోయి ఉండవచ్చు. గట్టిగా తొక్కినప్పుడు వెనుక చక్రాలు ముందుగా లాక్ అయితే బండి వెనుక భాగం పక్కకు తిరిగిపోతుంది కనుక, రెండు దీపాలూ వెలిగిన బండిని నడపకూడదు.

మాకు పసుపుది ఒక్కటే వెలుగుతోంది. కారు కంప్యూటర్లలోని లోపాల కోడ్‌లను చదివేందుకు, ఫోనుతో పని చేసే చవక ఓబీడీ అడాప్టరు మొదట కొన్నాము. అది ఇంజను కోడ్‌లను చక్కగా చూపించింది కానీ ఏబీఎస్ కంప్యూటరుతో మాట్లాడనేలేదు. ఈ తరహా అడాప్టర్లలో అనేకం ‘పి’తో మొదలయ్యే కోడ్‌లకే పరిమితం, బ్రేకులకు సంబంధించినవి ‘సి’తో మొదలవుతాయి. ఏబీఎస్ చదవగలదని పెట్టె మీద స్పష్టంగా రాసి ఉన్న చేతి స్కానరు తెచ్చాక సీ0035 కోడ్ కనిపించింది. ముందు ఎడమ చక్రపు వేగం సెన్సరు సర్క్యూట్‌లో లోపమని దాని భావం.

కోడ్ కన్నా లైవ్ డేటా ఎక్కువ చెప్పింది. మా బావమరిది పక్క సీట్లో కూర్చుని స్కానరు చూస్తూ ఉండగా నెమ్మదిగా నడిపితే, మూడు చక్రాలు గంటకు 21 కిలోమీటర్లు చూపుతుంటే ముందు ఎడమది 0 చూపింది. వచ్చి పోయే లోపం కాదు, పూర్తి నిశ్శబ్దం.

ఇప్పటివరకు ఖర్చు: అడాప్టరు 600, స్కానరు 4,200. మొత్తం రూ. 4,800.

దశ 2: సెన్సరు మార్చినా ఫలితం లేదు

కోడ్‌లో సెన్సరు పేరు ఉంది. గ్యారేజీ మెకానిక్ కూడా “సెన్సరు మార్చేయండి సార్, అయిపోద్ది” అన్నాడు. కొత్త సెన్సరు బిగించి, కోడ్ చెరిపి, వీధి చివరి వరకు నడిపేసరికి దీపం మళ్లీ వెలిగింది. లైవ్ డేటాలో అదే సున్నా.

మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి సెన్సరు రెండు కొనల మధ్య నిరోధం చూడమని చాలామంది చెప్పే పరీక్ష ఇక్కడ పనికిరాదు. ఆ పద్ధతి పాత రకం, అంటే తీగచుట్టతో తనంతట తానే వోల్టేజీ పుట్టించే సెన్సర్లకు సరిపోతుంది. వాటిలో సుమారు వెయ్యి ఓమ్‌లు కనిపిస్తే బాగున్నట్టు. మా బండిలోనివి విద్యుత్ సరఫరా అందితేనే పని చేసే యాక్టివ్ రకం. వీటికి రెండు తీగలే ఉన్నా లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది. ఎదురుగా తిరిగే అయస్కాంత ధ్రువం మారినప్పుడల్లా అది తాను తీసుకునే కరెంటును సుమారు 7 మిల్లీ ఆంపియర్ల నుంచి 14కు, 14 నుంచి 7కు మారుస్తుంది. కంప్యూటరు లెక్కపెట్టేది ఆ మార్పులనే. కాబట్టి కొలవవలసింది కరెంటును.

మేము చేసిన పరీక్ష ఇది:

1. తాళం ఆన్ చేసి, సెన్సరు కనెక్టరు విప్పి, బండి వైపు కొనల మధ్య వోల్టేజీ చూడాలి. 11.8 వోల్టులు వచ్చింది. సరఫరా ఉంది, తీగ తెగలేదు.
2. తాళం ఆఫ్ చేసి, ఒక తీగకు వరుసలో 100 ఓమ్‌ల రెసిస్టరు కలిపి మళ్లీ జోడించాలి.
3. తాళం ఆన్ చేసి, రెసిస్టరు రెండు చివరల మధ్య వోల్టేజీ చూస్తూ చక్రాన్ని చేతితో చాలా నెమ్మదిగా తిప్పాలి.
4. 7 మిల్లీ ఆంపియర్లకు 0.7 వోల్టు, 14కు 1.4 వోల్టులు కనబడాలి. చక్రం తిరుగుతున్నకొద్దీ ఈ రెండింటి మధ్య మారుతూ ఉండాలి.

బాగున్న కుడి చక్రం దగ్గర 0.69, 1.41 వోల్టుల మధ్య మారింది. ఎడమ చక్రం దగ్గర 0.70 వద్ద నిలిచిపోయింది. ఎంత తిప్పినా కదల్లేదు. తీసేసిన పాత సెన్సరును అక్కడే తిరిగి జోడించి చూస్తే దానిదీ అదే తీరు. పాత సెన్సరును కుడి వైపు కనెక్టరుకు తగిలించి, దాని ముఖం ముందు చిన్న అయస్కాంతాన్ని అటూ ఇటూ తిప్పితే మాత్రం చక్కగా మారింది. అంటే పాత సెన్సరు నిక్షేపంగా ఉంది. దానికి చూడడానికి ఎదురుగా ఏమీ లేదు.

పరీక్ష పూర్తయ్యాక రెసిస్టరు తీసేయడం, కనెక్టరులో రబ్బరు సీలు సరిగ్గా కూర్చుందో లేదో చూడడం మరువకూడదు. సముద్రపు గాలికి ఆ కొనలు పచ్చబడతాయి.

ఇప్పటివరకు ఖర్చు: సెన్సరు 1,450, రెసిస్టరు 10. మొత్తం రూ. 6,260.

దశ 3: బేరింగు ఏ ముఖం ఎటు ఉంది

పాత కార్లలో సెన్సరు ఎదురుగా పళ్ల చక్రం ఒకటి కంటికి కనిపించేది. ఇప్పటి కార్లలో చాలావాటికి అది లేదు; బేరింగు ఒక వైపు సీలులోనే అయస్కాంత పొడి కలిపిన రబ్బరు వలయం ఉంటుంది. చుట్టూ ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకదాని తరువాత ఒకటిగా అమర్చి ఉంటాయి. దీన్నే ఎన్‌కోడరు అంటారు. రెండు వైపుల సీళ్లూ చూడడానికి దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, తెలియనివారు బేరింగును తిప్పి కూర్చోబెట్టే అవకాశం ఎక్కువ. అలా కూర్చోబెట్టినా చక్రం హాయిగా తిరుగుతుంది, చప్పుడు ఉండదు, బండి బాగానే నడుస్తుంది. ఏబీఎస్ మాత్రం గుడ్డిదవుతుంది.

విప్పకముందే నిర్ధారించుకోవడానికి సెన్సరు తీసిన రంధ్రంలోకి దారానికి కట్టిన సన్నని సూదిని దించాము. కుడి చక్రంలో సూది లోపలి వలయానికి అతుక్కుంది. ఎడమ చక్రంలో ఊగి ఊరుకుంది.

ఆ తరువాత నకుల్‌ను, అంటే బేరింగు కూర్చునే లోహపు భాగాన్ని, మొత్తం విప్పి గాజువాక ఆటోనగర్‌లో హైడ్రాలిక్ ప్రెస్సు ఉన్న లేతు షాపుకు తీసుకెళ్లాము. చక్రాన్ని బిగించే హబ్బును నొక్కి తీశాక బేరింగు బయటి ముఖం మీద పలుచని కాగితం పరిచి ఇనుప రజను చల్లితే సన్నని చారలు క్రమంగా ఏర్పడ్డాయి. లోపలి ముఖం మీద రజను అలాగే చెల్లాచెదురుగా పడి ఉంది. లేతు మేస్త్రీ గారు అంతవరకు ఈ పరీక్ష చూడలేదట. ఆ కాగితాన్ని అడిగి తీసుకుని తన బల్ల దగ్గర పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక చేదు విషయం ఉంది. నొక్కి కూర్చోబెట్టిన ఈ రకం బేరింగును విప్పి, తిప్పి మళ్లీ వాడడం కుదరదు. హబ్బును బయటికి నెట్టేటప్పుడు ఆ బలమంతా గుండ్ల మీదుగా వెళుతుంది. వాటి దారి దెబ్బతింటుంది. కొత్తది కొనక తప్పలేదు.

బిగించేటప్పుడు పాటించినవి:

1. కొత్త బేరింగును అయస్కాంతపు ట్రేలో గానీ, స్పీకరు దగ్గర గానీ పెట్టకూడదు. ఎన్‌కోడరు ధ్రువాలు చెడితే మళ్లీ మొదటికొస్తుంది.
2. ఇనుప రజను పరీక్షను కొత్త బేరింగు మీద పలుచని కాగితం అడ్డుపెట్టి చేసి, ఎన్‌కోడరు ముఖానికి సుద్దతో గుర్తు పెట్టాలి. రజను సీలులోకి పోకూడదు.
3. గుర్తు పెట్టిన ముఖం సెన్సరు వైపు ఉండేలా, బయటి వలయం మీద మాత్రమే బలం పడే బుష్షుతో నకుల్‌లోకి నొక్కాలి.
4. హబ్బును నొక్కేటప్పుడు లోపలి వలయానికి కింద ఆధారం ఉండాలి.
5. యాక్సిల్ నట్టు కొత్తది వేసి, తయారీదారు మాన్యువల్ చెప్పిన టార్కుకు టార్కు రెంచితో బిగించాలి. బండి బరువు చక్రం మీద పడకముందే ఈ బిగింపు పూర్తి కావాలి.

తిరిగి అమర్చాక రెసిస్టరు పరీక్షలో 0.70, 1.40 వోల్టులు మారుతూ కనిపించాయి. కోడ్ చెరిపి నడిపితే నాలుగు చక్రాల అంకెలూ కలిశాయి, దీపం ఆరిపోయింది.

ఒక చక్రం నుంచి సంకేతం రాకపోతే మొత్తం ఏబీఎస్ ఎందుకు పక్కకు తప్పుకుంటుందో ఇక్కడ చెప్పుకోవడం సబబు. బ్రేకు వేసినప్పుడు టైరు, రోడ్డు ఒకే వేగంతో ఉండవు. టైరు కొంత వెనుకబడుతుంది. ఆ వెనుకబాటు సుమారు 10 నుంచి 30 శాతం మధ్య ఉన్నప్పుడు పొడి తారు రోడ్డు మీద పట్టు గరిష్ఠంగా ఉంటుంది. నూరు శాతానికి చేరితే చక్రం లాక్ అయినట్టు. అప్పుడు పట్టు తగ్గడమే కాక, స్టీరింగు ఎటు తిప్పినా బండి నేరుగానే జారుతుంది. ఏబీఎస్ కంప్యూటరు నాలుగు చక్రాల వేగాలనూ పోల్చి, ఒక చక్రం మిగిలినవాటికన్నా హఠాత్తుగా నెమ్మదిస్తే దానికి వెళ్లే ఆయిల్ దారిని మూసి ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది, అవసరమైతే ఇంకో దారి తెరిచి ఒత్తిడి తగ్గిస్తుంది, చక్రం తేరుకోగానే తిరిగి పెంచుతుంది. ఇదంతా సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది. ఎప్పుడూ సున్నా చూపే చక్రం ఒకటి ఉంటే అది లాక్ అయిందో, సెన్సరే చచ్చిందో తేల్చలేక అనవసరంగా ఆ చక్రం ఒత్తిడి వదిలేసే ప్రమాదం ఉంది. అందుకే దీపం వెలిగించి తాను తప్పుకుంటుంది.

ఇప్పటివరకు ఖర్చు: బేరింగు 1,350, ప్రెస్సు కూలి 500, నట్టు 90. మొత్తం రూ. 8,200.

దశ 4: డిస్కులు, ప్యాడ్లు, ఇరుక్కున్న పిన్ను

దీపం ఆరింది కాబట్టి పని అయిపోయిందని బండి దించేయవచ్చు. కానీ ఏబీఎస్ కొత్త బలాన్ని తెచ్చిపెట్టదు. కింద ఉన్న మామూలు బ్రేకు ఇచ్చిన బలాన్ని పంచుతుంది, అవసరమైతే తగ్గిస్తుంది. ఆ మామూలు బ్రేకు ఎలా ఉందో చూడడానికి ముందు రెండు చక్రాలూ విప్పాము.

డిస్కు మందం మైక్రోమీటరుతో అంచుకు కాస్త లోపల, చుట్టూ పలుచోట్ల చూశాము. ఎడమది 16.2 మిల్లీమీటర్లు, కుడిది 15.8. డిస్కు మీదే అచ్చువేసి ఉన్న కనీస మందం 15. మామూలు వెర్నియర్‌తో కొలిస్తే అంచున అరగక మిగిలిన గట్టు మీద దవడలు కూర్చుని ఎక్కువ చూపుతుంది. ఎడమ డిస్కును అది 16.9 అని చూపింది.

డయల్ గేజి పెట్టి తిప్పితే ఎడమ డిస్కు ఊగిసలాట 0.04, కుడిది 0.14 మిల్లీమీటరు. సాధారణంగా 0.1 దాటితే పెడలులో వణుకు తెలుస్తుంది. డిస్కును లేతులో పట్టించే ముందు దాన్ని తీసి వెనుక చూస్తే హబ్బు ముఖం మీద తుప్పు పొరలు కట్టి ఉంది. వైరు బ్రష్షుతో శుభ్రం చేసి తిరిగి బిగిస్తే 0.05కు దిగింది. డిస్కు కోయనవసరం లేకపోయింది. గేజి స్టాండు అడుగున బలమైన అయస్కాంతం ఉంటుంది కనుక దాన్ని బేరింగు దరిదాపుల్లోకి రానీయకుండా షాక్ అబ్జార్బరు ఉండే స్ట్రట్ మీద పై భాగాన అతికించాము.

అసలు లోపం కుడి కాలిపర్‌లో, అంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగంలో ఉంది. లోపలి ప్యాడ్ 3 మిల్లీమీటర్లు, బయటిది 6.5. ఒకే పిస్టను ఉండే కాలిపర్‌లో పిస్టను లోపలి ప్యాడును నొక్కగానే కాలిపర్ పిన్నుల మీద జారి బయటి ప్యాడును లాక్కురావాలి. కింది పిన్ను తుప్పుతో ఇరుక్కుపోయి జారడం మానేసింది కాబట్టి లోపలి ప్యాడే పనంతా చేసి అరిగింది. ఎవరో ఇంతకుముందు ఆ పిన్నుకు మామూలు చాసిస్ గ్రీజు పట్టించారు. పెట్రోలియం గ్రీజు తగిలి రబ్బరు బూటు ఉబ్బి పిన్నును పట్టేసింది. ఇక్కడ సిలికాన్ ఆధారిత బ్రేకు గ్రీజు మాత్రమే వాడాలి.

పిన్నులు, బూట్లు మార్చి, ప్యాడ్లు రెండు వైపులా కొత్తవి వేశాము. ఒక వైపు మాత్రమే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. కొత్త ప్యాడ్లు మొదటి రోజే గట్టి బ్రేకుకు సిద్ధంగా ఉండవు. ఖాళీ రోడ్డు మీద మధ్యరకం వేగం నుంచి మెల్లగా నెమ్మదించడం, పూర్తిగా ఆపకుండా వదిలి చల్లారనివ్వడం కొంతసేపు చేస్తే ప్యాడ్ పదార్థం డిస్కు మీద సమంగా పరుచుకుంటుంది.

ఇప్పటివరకు ఖర్చు: ప్యాడ్లు 1,600, పిన్నుల కిట్టు, గ్రీజు 380, బ్రేక్ క్లీనరు 320. మొత్తం రూ. 10,500.

దశ 5: బ్రేక్ ఆయిల్

పేరుకు ఆయిల్ అంటాము కానీ అది నూనె కాదు, గ్లైకాల్ ద్రవం. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్టు గాలిలోని తేమను ఇది పీల్చుకుంటుంది. తాజా డాట్ 4 గ్రేడు ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3కి ఈ అంకెలు 205, 140. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఆవిరి నలుగుతుంది కాబట్టి పెడలు కిందికి పోతుంది, బ్రేకు పడదు.

తేమ చూపే పెన్ను లాంటి పరికరం రిజర్వాయరులో 2 శాతం అన్నది. కుడి కాలిపర్ మీద గాలిని, ద్రవాన్ని బయటికి వదిలే నిపుల్ నుంచి తీసిన ద్రవంలో 3 శాతం దీపం వెలిగింది. ఈ పెన్ను విద్యుత్ వాహకతను చూసి అంచనా కట్టేది మాత్రమే, కాబట్టి అంకెను ప్రమాణంగా తీసుకోకూడదు. ఏది ఏమైనా రంగు కాఫీ డికాక్షన్ వర్ణానికి వచ్చింది. రెండేళ్లకోసారి మార్చవలసిన ద్రవం ఎప్పుడు మార్చారో సర్వీసు పుస్తకంలో లేదు.

1. మూత మీద రాసి ఉన్న గ్రేడు చూడాలి. డాట్ 3, డాట్ 4 ఒకే కుటుంబం. డాట్ 5 సిలికాన్ ద్రవం, దాన్ని ఏబీఎస్ ఉన్న బండిలో పోయకూడదు. డాట్ 5.1 మళ్లీ గ్లైకాలే.
2. రిజర్వాయరులోని పాత ద్రవాన్ని సిరంజితో చాలావరకు తోడి, వెంటనే కొత్తది నింపాలి.
3. మాన్యువల్ చెప్పిన చక్రాల వరుసలోనే గాలి తీయాలి. ఆ వరుస అన్ని బండ్లకూ ఒకటి కాదు.
4. నిపుల్‌కు పారదర్శక గొట్టం తొడిగి, రెండో చివరను కొంత ద్రవం పోసిన సీసాలో ముంచాలి.
5. లోపలివారు పెడలు నొక్కి పట్టుకున్నాక నిపుల్ వదులు చేయాలి, బిగించాకనే పెడలు వదలమని చెప్పాలి.
6. రిజర్వాయరు మట్టం కనీస గీత దిగకుండా మాటిమాటికీ నింపుతూ ఉండాలి.

ఆరవది అన్నిటికన్నా ముఖ్యం. రిజర్వాయరు ఖాళీ అయి ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి చేరితే, లోపలి వాల్వులను, పంపును స్కానరుతో నడిపిస్తే తప్ప ఆ గాలి బయటికి రాకపోవచ్చు. పెడలు కింద ఒక చెక్క ముక్క కూడా పెట్టాము. ఏళ్ల తరబడి వాడని లోతుకు పెడలు దిగితే మాస్టర్ సిలిండరు అడుగున ఉన్న తుప్పు సీళ్లను గీకుతుంది. పెయింటు మీద పడిన చుక్కలను వెంటనే నీళ్లతో కడగాలి, తుడిస్తే చాలదు.

గాలి బుడగలు పూర్తిగా ఆగిపోయినా పెడలు లోతుగానే దిగుతోంది. మెత్తగా ఉండడం వేరు, లోతుగా దిగడం వేరు. స్కేలు పెట్టి చూస్తే 62 మిల్లీమీటర్లు. హ్యాండ్ బ్రేకు లాగి పట్టుకుని అదే ఒత్తిడితో తొక్కితే 44 మాత్రమే దిగింది. అంటే ద్రవం వైపు లోపం లేదు; వెనుక డ్రమ్ములలో షూలు దూరంగా ఉండిపోయాయి. డ్రమ్ములు విప్పితే తనంతట తాను సర్దుకోవలసిన పళ్ల చక్రాలు తుప్పుపట్టి కదలడం లేదు. శుభ్రం చేసి, షూలు డ్రమ్మును కొద్దిగా తాకి వదిలేంత దగ్గరకు తెచ్చాక పెడలు 45 వద్ద ఆగింది. హ్యాండ్ బ్రేకు 9 క్లిక్కుల నుంచి 5కు వచ్చింది.

చివరగా, ఇంజను వాక్యూమ్‌తో పాదం బలాన్ని పెంచే బూస్టరు పరీక్ష చేశాము. ఇంజను ఆపి, పెడలు గట్టిపడేవరకు పలుమార్లు తొక్కి, అలా నొక్కి పట్టుకుని ఇంజను స్టార్ట్ చేస్తే పెడలు కొద్దిగా కిందికి దిగాలి. దిగింది.

ఇప్పటివరకు ఖర్చు: డాట్ 4 ద్రవం 480, పెన్ను 350. మొత్తం రూ. 11,330.

దశ 6: పాదం

ఊరి బయట ఇళ్లు కట్టని లేఅవుట్‌లో, యజమాని అనుమతితో, రెండు చివర్లా మనుషులను నిలబెట్టి గట్టి బ్రేకు పరీక్షలు చేశాము. వేగానికి స్పీడోమీటరును కాక జీపీఎస్‌ను నమ్మాము. స్పీడోమీటరు సాధారణంగా కొంత ఎక్కువే చూపుతుంది. కోను పెట్టి అక్కడి నుంచి టేపుతో కొలిచే పద్ధతిని వదిలేయవలసి వచ్చింది. 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 13.9 మీటర్లు వెళుతుంది కనుక, పాదం క్షణం ముందు పడినా వెనుక పడినా కొలత మీటర్లలో మారిపోతోంది. దాని బదులు ఫోనును డ్యాష్‌బోర్డుకు గట్టిగా బిగించి, అందులోని యాక్సిలరోమీటరు నమోదును చూశాము.

మొదటి గ్రాఫులు నిరాశ కలిగించాయి. గురుత్వ త్వరణంలో 0.8 వంతు రేటుతో వేగం తగ్గించుకోగలిగిన బండి ఆ స్థాయికి చేరడానికి 1.1 సెకను తీసుకుంటోంది. చేరీ చేరగానే ఏబీఎస్ పని మొదలై పెడలు పాదం కింద కొట్టుకోవడం, బానెట్ కింద గరగర చప్పుడు రావడం, పాదం దానంతట అదే వెనక్కి తగ్గడం జరుగుతోంది. గ్రాఫులో అక్కడ లోయ కనిపిస్తోంది. బండిలో ఏ లోపమూ లేదు. కొన్నేళ్లపాటు ఏబీఎస్ లేని జీపు నడిపిన అలవాటు వల్ల బావమరిది పెడలును కొట్టి కొట్టి వదిలేవాడు. అతని గ్రాఫు రంపపు పళ్లలా వచ్చింది. పాత బ్రేకులకు ఆ పద్ధతి సరైనదే, కానీ ఇక్కడ ఆ పనిని యంత్రం మనిషికన్నా ఎంతో వేగంగా, అదీ ఒక్కో చక్రానికి విడిగా చేస్తుంది.

సాధన చేసిన క్రమం:

1. సీటును పెడలు పూర్తిగా నొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండేలా సర్దుకోవాలి. మడమ జారే హవాయి చెప్పులు వద్దు. పెడలు కిందికి జరిగే మ్యాట్ తీసేయాలి.
2. క్లచ్, బ్రేకు రెండూ ఒకేసారి, ఒకే ఊపులో, పూర్తి బలంతో తొక్కాలి.
3. పెడలు కొట్టుకున్నా బండి ఆగేవరకు బలం తగ్గించకూడదు.
4. చూపు అడ్డం మీద కాక తప్పించుకునే దారి మీద పెట్టి, స్టీరింగును కొద్దిగా మాత్రమే తిప్పాలి.

సాధన తరువాత గరిష్ఠానికి చేరే సమయం 0.4 సెకనుకు తగ్గింది. 50 వేగంలో ఆ తేడా ఒక్కటే ఆగే దూరాన్ని సుమారు నాలుగున్నర మీటర్లు తగ్గిస్తుంది, అంటే మా కారు పొడవుకన్నా ఎక్కువ. డ్రైవర్ల ఈ సంకోచాన్ని చూసే తయారీదారులు బ్రేక్ అసిస్ట్ తెచ్చారు. పెడలు దిగే వేగాన్ని బట్టి అత్యవసరమని గ్రహించి అది పూర్తి ఒత్తిడిని తానే ఇస్తుంది. మెర్సిడెస్ దీన్ని 1996లో ప్రవేశపెట్టింది. మా బండిలో అది లేదు.

అదే లేఅవుట్‌లో కంకర పరిచిన ముక్క మీద ఫలితం తలకిందులైంది. ఏబీఎస్ ఫ్యూజు తీసి, తక్కువ వేగంలో, చక్రాలు లాక్ చేసి ఆపితే బండి ముందుగానే ఆగింది. లాక్ అయిన టైరు ముందు కంకర కుప్పపడి అడ్డుకట్టలా నిలుస్తుంది, తిరిగే టైరుకు ఆ సాయం ఉండదు. కానీ ఆ సమయంలో స్టీరింగు ఏమాత్రం మాట వినలేదు. ఇసుక, కంకర ఉన్న రోడ్డు మీద ఏబీఎస్‌ను నమ్మి వేగం పెంచకూడదనేదానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు. ఫ్యూజు తిరిగి పెట్టి, దీపం ఆరిందని చూసుకున్నాకే లేఅవుట్ దాటాము.

దశ 7: అనంతగిరి ఘాట్ దిగుడు

అరకు నుంచి శృంగవరపుకోట వైపు దిగే దారిలో ఆగడానికి చోటున్న మలుపుల దగ్గర డిస్కు ఉష్ణోగ్రత చూశాము. నాలుగో గేరులో పెట్టి బ్రేకు మీద నిరంతరం పాదం ఆన్చి దిగితే డిస్కు 240 డిగ్రీలు చూపింది. చల్లారాక, తరువాతి భాగం రెండో గేరులో, వేగం పెరిగినప్పుడు మాత్రమే గట్టిగా కొద్దిసేపు నొక్కి వదులుతూ దిగితే 130 దాటలేదు. మెరిసే లోహం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తక్కువ చూపుతుంది కాబట్టి నిజమైన అంకెలు ఇంకా ఎక్కువే అయి ఉంటాయి. రెండింటి మధ్య తేడాను చూడాలి.

పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో పెట్టి, కొందరైతే ఇంజను కూడా ఆపి ఈ ఘాట్ దిగుతారు. ఇంజను ఆగితే బూస్టరులో మిగిలిన వాక్యూమ్ కొద్దిసార్లు తొక్కడానికే సరిపోతుంది, ఆ తరువాత పెడలు రాయిలా గట్టిపడుతుంది. ఏబీఎస్ ఉన్న బండికైనా ఇది వర్తిస్తుంది. కింద కాల్వ దాటిన తరువాత డిస్కులు తడిసి మొదటి నొక్కుకు బ్రేకు ఆలస్యంగా పట్టింది. నీళ్లలోంచి బయటికి రాగానే నడుస్తూనే మెల్లగా కొంతసేపు నొక్కితే తేమ ఆరిపోతుంది.

ఇప్పటివరకు ఖర్చు: థర్మామీటరు 900. మొత్తం రూ. 12,230. ఇందులో అడాప్టరు, సెన్సరు కలిపి రూ. 2,050 లేకపోయినా పని జరిగేది. ముందుగా రెసిస్టరు పరీక్ష చేస్తే పది రూపాయలలో సెన్సరు మీద అనుమానం తీరిపోయేది.

మిగిలిన పని

టైర్ల గాడి లోతు ముందు 2.6, వెనుక 3.1 మిల్లీమీటర్లు ఉంది. గాడి మధ్యలోని అరుగుదల గుర్తు 1.6 దగ్గర కనిపిస్తుంది, కానీ వాన రోడ్డు మీద నీటిని పక్కకు తోసే శక్తి అంతకు ముందే తగ్గిపోతుంది. నాలుగూ ఒకే కొలతవి, ఒకే రకానివి తీసుకోవాలి. వేరువేరు చుట్టుకొలతలు ఉంటే చక్రాల వేగాలు ఎప్పుడూ తేడాగా కనబడి కంప్యూటరు తికమకపడుతుంది. తుపాను వానలు మొదలయ్యేలోపు టైర్లు మార్చి, లేఅవుట్‌లో తడి తారు మీద అదే ఫోను, అదే బిగింపుతో గ్రాఫులు మళ్లీ తీసి ఇక్కడే చేరుస్తాను.